చిన్న కథ, 11 ప్రతులు: నా అనుభవం

మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని అమ్మ దాని వంక చూసేది కాదు. మాది విజయనగరం పక్కన ఊరు, నాన్న జూట్ మిల్లులో పని. పొద్దున్న అయిదింటికి మిల్లు మొదటి కూత వేసేది, అది వినగానే అమ్మ లేచి పొయ్యి మీద ఎసరు పెట్టేది. అయిదున్నరకి రెండో కూత, ఆపాటికి అన్నం వార్చేసేది. ఆరింటికి మూడో కూత పడేసరికి నాన్న కారేజీ పట్టుకుని గేటు లోపల ఉండేవాడు. మా వీధిలో అన్ని పొయ్యిలూ ఆ కూతతోనే వెలిగేవి.

ఒకరోజు కూత వెయ్యలేదు. మిల్లు లాకౌట్. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఈ సంగతి మీద నేనొక కథ రాశాను, పేరు ‘ఎసరు’. అచ్చులో 1,400 మాటలు, తీరిగ్గా చదివినా పది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని 11 సార్లు రాశాను, దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నాకు తెలిసినవన్నీ ఇక్కడ చెప్పాలనిపించింది, ఎందుకంటే కథ రాయాలని ఉండి ఒకటో రెండో రాసి, పంపిన కథ తిరిగొచ్చేసరికి మనసు విరిగి మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఉద్యోగంలో తెలుసు, చుట్టాల్లో తెలుసు. నేనూ దాదాపు మానేసినదాన్నే.

నాది పోస్టాఫీసు కౌంటర్ ఉద్యోగం. సంక్రాంతి ముందు, ఉగాది ముందు కథల పోటీల గడువు దగ్గరపడుతుంటే మా కౌంటర్‌కి కొన్ని కవర్లు వస్తాయి, మీద ‘కథల పోటీకి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇప్పుడు చాలావరకు మెయిల్లోనే పంపుతున్నారు గాని పెద్దవాళ్లు కొందరు ఇంకా స్పీడ్ పోస్టే నమ్ముతారు. తూకం వేసి, రసీదు ఇస్తే, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటారు. ఒక పెద్దాయన అయితే రసీదు తీసుకున్నాక కూడా కాసేపు అలా నిలబడి, కవరు సంచిలో పడ్డాకే కదిలేవాడు. ఆయన్ని చూసి నాకూ రాయాలనిపించింది, ఇందులో అబద్ధం లేదు.

మొదటి ప్రతి రాయడానికి వారం కూడా పట్టలేదు. పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా, తెల్ల కాగితాల మీద. 3,200 మాటలు వచ్చింది. రాస్తుంటే రెండుసార్లు ఏడ్చాను, కాబట్టి గొప్ప కథ అనుకున్నాను. ఇది ముందే చెప్పాలి: రాసేటప్పుడు మనకి ఏడుపు రావడానికీ, చదివేవాళ్లకి రావడానికీ సంబంధం లేదు. మనం ఏడ్చేది మనకి గుర్తున్న దానికి. అది కాగితం మీదకి వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి.

ఆ మొదటి ప్రతి ఎత్తుగడ, అంటే కథ మొదలు, ఇది, దాచుకోకుండా ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

“స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా కార్మికుల జీవితాలలో వెలుగు రాలేదు. పెట్టుబడిదారుల కబంధ హస్తాలలో నలిగిపోతున్న రామయ్య ఆ ఉదయం బరువెక్కిన హృదయంతో నిద్ర లేచాడు. తన కుటుంబ భవిష్యత్తు అంధకారబంధురంగా తోచింది.”

తర్వాత యూనియన్ లీడరు ఉపన్యాసం ఒకటిన్నర పేజీ, పోలీసుల లాఠీచార్జి, ఆఖర్న రామయ్య మిల్లు గేటు ముందే కుప్పకూలి చనిపోవడం. అతని శవం మీద పడి భార్య ఏడుస్తుంటే ఎక్కడో సైరన్ మోగుతుంది, అది అంబులెన్సు సైరను. కొసమెరుపు అన్నమాట. చాలా కథలు అలా ముగియడం చూశాను కాబట్టి నేనూ అలా ముగించాను.

ఒక పత్రికకి పంపాను. నెలన్నరకి ఒక్క లైను జవాబు, ప్రచురణకి స్వీకరించలేకపోతున్నాం అని. ఆ రోజు కౌంటర్ దగ్గర కూర్చుని పాస్‌బుక్కులు ఎంట్రీ చేస్తూనే ఉన్నాను గాని ఒక్క నెంబరూ కళ్లకి ఆనలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కాగితాలు బీరువాలో చీరల అడుగున పెట్టేశాను, అవి అయిదు నెలలు అక్కడే ఉండిపోయాయి.

మళ్లీ బయటికి తీయించినాయన మా ఊరి మాస్టారు. రిటైరయిన తెలుగు పంతులుగారు, ఎప్పుడో నాలుగైదు కథలు రాశారు, అంతకు మించి బయట ఎవరికీ తెలీదు. పెన్షన్ పని మీద పోస్టాఫీసుకి వస్తే మాటల్లో చెప్పాను. తెచ్చివ్వమన్నారు. రెండు రోజులకి వచ్చి, లైన్లో నిలబడి, తన వంతు వచ్చాక కాగితాలు నా ముందు పెట్టి మెల్లగా అడిగారు.

“మీ నాన్నగారు ఉన్నారామ్మా?”

“ఉన్నారు మాస్టారూ, ఇంటి దగ్గరే ఉన్నారు.”

“మరి కథలో ఎందుకు చంపేశావు?”

నా దగ్గర జవాబు లేదు. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు కదులుతున్నారు. ఆయన ఇంకొక్కటి అడిగి వెళ్లిపోయారు: “కూత వెయ్యని రోజు పొద్దున్న మీ అమ్మ ఏం చేసిందమ్మా? అదొక్కటీ రాసుకు రా. కథ అనుకోకు. అడిగితే చెప్పినట్టు రాయి.”

ఆ రాత్రి రాశాను. ఒక పేజీయే వచ్చింది. అమ్మ చీకట్లో చాప మీద పడుకుని కూత కోసం చెవులు రిక్కించుకుని ఉండటం. ఎంతకీ రాకపోవడం. లేవాలో వద్దో తెలియకపోవడం, ఎందుకంటే కూతకి ముందే లేచి పొయ్యి ముట్టిస్తే కిరసనాయిలు దండగ. పక్కింటి పిన్ని గోడ అవతల నుంచి “ఏటే, ఇయాల కూత ఎయ్యలేదేటి?” అని అడగడం. నాన్న లేచి, సైరను చెడిపోయుంటుందిలే అనుకుని హడావిడిగా బయల్దేరడం. ఇంత సంగతి నా దగ్గర ఉండగా నేను కబంధ హస్తాల గురించి రాశాను.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. మనకి కథ రాదు అనుకునేవాళ్లలో ఎక్కువమందికి రానిది కథ కాదు, తమ దగ్గరున్నది కథకి పనికొస్తుందన్న నమ్మకం. అమ్మ ఎసరు పెట్టడం ఎవడు చదువుతాడు అనిపిస్తుంది. అందుకని చదివిన కథల్లోంచి, చూసిన సినిమాల్లోంచి పెద్ద పెద్ద సంఘటనలు తెచ్చి పెడతాం. లాఠీచార్జి నేను చూడలేదు. చావు మా ఇంట్లో జరగలేదు. చూడనిది రాయకూడదని కాదు, బోలెడంత మంది గొప్పగా రాశారు, కాని దానికి చాలా కనుక్కోవాలి, నలుగురిని అడగాలి. నేను ఎవరినీ అడగలేదు, ఊరికే ఊహించేశాను. చూసినదాన్ని మాత్రం వదిలేశాను.

చావు గురించి ఇంకో మాట. కథ ఎలా ముగించాలో తోచనప్పుడు మొదట తోచే దారి ఎవరినో ఒకరిని చంపేయడమే. పోటీలకి వచ్చే కథల్లో ఇది బాగా కనబడుతుంది. మీ కథలో ఎవరైనా ఆఖరి పేజీలో చనిపోతుంటే ఒకసారి ఆ మనిషిని బతికించి చూడండి. మర్నాడు పొద్దున్న ఏం చేస్తాడో రాయాల్సి వస్తుంది. కష్టమంతా అక్కడుంది, కథా అక్కడే ఉంటుంది.

రెండో ప్రతి నుంచి అయిదో ప్రతి దాకా నేను పడ్డ తిప్పలన్నీ ఎత్తుగడతోనే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. మిల్లు చరిత్ర చెప్పాలా, ఊరు చెప్పాలా, నాన్న ఎలా చేరాడో చెప్పాలా. అప్పుడే ఒక ఆదివారం శ్రీకాకుళం వెళ్లాను, కథానిలయానికి. మాకు దగ్గరే, బస్సులో రెండు గంటల లోపు. కాళీపట్నం రామారావు గారు, మా వైపు అందరూ కారా మాస్టారు అంటారు, 1997లో దాన్ని మొదలుపెట్టారు, తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలని. ఆయన కూడా బడిలో పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారు. మధ్యలో కొన్నేళ్లు రాయడం ఆపేసి మళ్లీ మొదలుపెట్టారు, ‘యజ్ఞం’ కథ అలా ఆపి మొదలుపెట్టాక రాసిందే. అయిదు నెలలు చీరల కింద కాగితాలు పెట్టేసిన నాకు ఆ సంగతి చాలా ధైర్యం ఇచ్చింది. ఆగిపోవడం అంటే అయిపోవడం కాదు అని.

అక్కడ నేను చేసిన పని చిన్నది. పాత పత్రికలు, సంకలనాలు ముందేసుకుని ఇరవై కథల మొదటి పేరాలు నోటుబుక్కులో చేత్తో ఎక్కించుకున్నాను. ఫోటో తీసుకుంటే రెండు నిమిషాల పని, కాని చేత్తో రాస్తే ఏ మాట తర్వాత ఏ మాట పడిందో వేళ్లకి తెలుస్తుంది. రాసి, ప్రతి కథలోనూ మొదటి కదలిక ఎన్నో వాక్యంలో ఉందో చూశాను. ఎవరైనా రావడం, ఏదైనా పోవడం, ఒక మాట అనడం, అలాంటిది. నాకు నచ్చిన కథల్లో చాలావాటిలో మూడు నాలుగు వాక్యాల లోపే ఉంది. మా విజయనగరం గురజాడ ‘దిద్దుబాటు’ తీసుకోండి, 1910 నాటిది. రాత్రి ఒంటిగంటకి మొగుడు వచ్చి తలుపు కొట్టడంతో మొదలవుతుంది. అతని ఊరేమిటి, ఉద్యోగమేమిటి, పెళ్లెప్పుడయింది, ఏమీ లేదు. తలుపు తెరుచుకోలేదు, అంతే, మనం కూడా అతనితో పాటు గుమ్మం బయట నిలబడిపోతాం. నూరేళ్లు దాటిన కథకి తెలిసింది నా కథకి తెలియలేదు.

ఇంటికొచ్చి నా అయిదో ప్రతిలో మొదటి కదలిక ఎక్కడుందో చూసుకుంటే రెండో పేజీ చివర. మొదటి పేజీన్నర కొట్టేశాను. చెయ్యి వణికింది, అందులో మంచి వాక్యాలు ఉన్నాయి, మిల్లు చిమ్నీ మీద ఒక పోలిక ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఇలాంటప్పుడు ఒక ఉపాయం చెప్తాను. కొట్టేసినవాటిని చింపెయ్యకండి. వేరే నోటుబుక్కు పెట్టి అందులో రాసుకోండి. పోలేదు, ఇక్కడుంది అని మనసుకి చెప్పుకుంటే కత్తెర వెయ్యడం తేలికవుతుంది. నా చిమ్నీ పోలిక ఇంకా అందులోనే ఉంది.

అచ్చులో వచ్చిన ఎత్తుగడ ఇదిగో:

“మెలకువ వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. సత్తెమ్మ చాప మీద కదలకుండా పడుకుని కూత కోసం చూసింది. గోడ అవతల కోడి రెండుసార్లు కూసింది. పాలబ్బాయి సైకిలు బెల్లు వీధి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చింది. కూత రాలేదు.”

మొదటిదీ ఇదీ పక్కపక్కన పెట్టి చదివితే తేడా మీకే తెలుస్తుంది. ఒక సంగతి మాత్రం చెప్తాను. మొదటిదాంట్లో దుఃఖం అన్న అర్థం వచ్చే మాటలు ఎన్నో ఉన్నాయి, దీంట్లో ఒక్కటీ లేదు.

రామయ్య పోయి సత్తెమ్మ రావడం కూడా మధ్యలో జరిగిందే. నాలుగో ప్రతి దాకా కథ నాన్న వైపు నుంచే చెప్పాను, మిల్లు ఆయనది కదా అని. కాని ఆ పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను, గేటు దగ్గర కాదు. గేటు దగ్గర సన్నివేశం ఎన్నిసార్లు రాసినా పేపర్లో వార్తలా వచ్చేది. ఎవరి కళ్లతో చెప్పాలి అన్నది శిల్పం, దృష్టికోణం అంటూ పెద్ద మాటల్లో చెప్తారు గాని నాకు పనికొచ్చింది చాలా మామూలు ప్రశ్న: ఆ సమయంలో నేను ఎక్కడ నిలబడి ఉన్నాను? అక్కడి నుంచే చెప్పాను. గేటు మీద నోటీసు అంటించారన్న సంగతి సత్తెమ్మకి ఎప్పుడు తెలిస్తే చదివేవాళ్లకీ అప్పుడే తెలుస్తుంది.

తర్వాత భాష. మా అమ్మ మాట్లాడేది మా ఉత్తరాంధ్ర మాట. మొదటి ప్రతుల్లో ఆమె చేత “ఏమండీ, ఈ రోజు సైరన్ మోగలేదేమిటి?” అనిపించాను. మా అమ్మ జీవితంలో నాన్నని ఏమండీ అనలేదు. పుస్తకంలో అలా ఉండాలేమో అనుకున్నాను. ఆరో ప్రతిలో దానికి పూర్తిగా ఎదురు చేశాను, కథనం కూడా యాసలోనే, ప్రతి మాటా విరిచి, ‘ఏటి’లూ ‘ఎల్లిపోనాడు’లూ నింపేసి. మా ఊరి మాస్టారు చదివి, ఇది మీ అమ్మ మాట కాదమ్మా, మీ అమ్మని వేరేవాళ్లు అనుకరించినట్టుంది అన్నారు. బాధేసింది గాని నిజం. యాస అంటే అక్షరాలు మార్చడం కాదు, ఏ మాట ముందొస్తుంది, ఎక్కడ ఆగుతారు, ఏది చెప్పకుండా వదిలేస్తారు, అదంతా కలిస్తే యాస. ఆఖరికి కథనం మామూలు తెలుగులో ఉంచి, మాటలు మాత్రం మా ఇంట్లో వినబడేవి పెట్టాను, అవీ పొదుపుగా. నాన్న తిరిగొచ్చినప్పుడు అమ్మ అడిగేది ఒక్కటే, “తిన్నావా?” అని. ఏమైంది అని కాదు. ఆ ఒక్క మాట దొరకడానికి ఎనిమిదో ప్రతి దాకా పట్టింది, చిత్రమేమిటంటే అది మా ఇంట్లో రోజూ వినబడే మాటే.

పైకి చదవడం గురించి అందరూ చెప్తారు, నేనూ చెప్తున్నాను, ఎందుకంటే ఇంతకన్నా పనికొచ్చేది నాకు ఇంకోటి కనబడలేదు. పొద్దున్నే మేడ మీదకెళ్లి గొంతెత్తి చదివేదాన్ని. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం తప్పు. ఊపిరి చాలకపోతే వాక్యం పొడుగు. చదువుతూ చదువుతూ తెలియకుండానే ఒక పేరా దాటేస్తే, అది నాకే విసుగ్గా ఉందన్నమాట. ఫోన్లో రికార్డు చేసి వంట చేసుకుంటూ వినడం ఇంకా మంచిది, అప్పుడు అది వేరేవాళ్ల కథలా ఉంటుంది.

టైం ఎక్కడిది అని అడుగుతారు, ముఖ్యంగా ఆడవాళ్లు. నాకు దొరికింది పొద్దున్న నాలుగున్నర నుంచి అయిదుంపావు. రాత్రి రాస్తే మర్నాడు కౌంటర్లో తప్పులొస్తున్నాయని మార్చుకున్నాను. ముప్పావు గంటలో కొన్ని రోజులు రెండు వాక్యాలే వచ్చేవి. కొన్ని రోజులు ఒక వాక్యం తీసేసేదాన్ని, అదే ఆ రోజు పని. తెలుగులో తొలినాళ్ల కథలు రాసిన భండారు అచ్చమాంబ గారు బడికి వెళ్లలేదు, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. ఆమె కథ ‘ధనత్రయోదశి’ 1902లో వచ్చింది, ‘దిద్దుబాటు’ కంటే ఎనిమిదేళ్లు ముందు. ముప్పై దాటీ దాటకుండానే పోయారు. ఆమె ఏ వేళప్పుడు రాసుకునేవారో అని నేను చాలాసార్లు అనుకుంటాను, నాలుగున్నరకి లేవబుద్ధి కానప్పుడు మరీను.

ఇక పంపే సంగతులు, ఇవి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి చెప్తున్నాను. పత్రిక ఎన్ని మాటలు అడిగిందో అన్నే పంపండి, ఆదివారం అనుబంధాల్లో పేజీ చిన్నది, 1,500 అంటే 1,500. యూనికోడ్‌లో టైపు చేసి పంపితే చాలాచోట్ల సరిపోతుంది, కొందరు డీటీపీలో వాడే అను ఫాంట్స్‌లో అడుగుతారు, అప్పుడు డీటీపీ సెంటరుకి వెళ్లాల్సిందే, వెళ్తే మాత్రం వాళ్లు కొట్టిన ప్రతిని మాట మాటా సరిచూసుకోండి, నా కథలో ‘ఎసరు’ రెండుచోట్ల ‘ఎసురు’ అయి కూర్చుంది. హామీపత్రం తప్పనిసరిగా జతచెయ్యాలి: కథ నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. ఆ ఆఖరి ముక్క మీద మాట తప్పకండి. ఒకే కథ మూడు చోట్ల పంపి రెండు చోట్ల వస్తే ఆ తర్వాత మీ పేరు చూడగానే పక్కన పెట్టేస్తారు. నేనొక చిన్న పుస్తకం పెట్టుకున్నాను, ఏ కథ, ఏ తారీఖున, ఎక్కడికి, జవాబు ఎప్పుడు. ఫలానా రోజులు దాటితే రానట్టే అని పత్రిక ముందే చెప్తే అప్పటిదాకా ఆగాలి, చెప్పకపోతే మూడు నెలలు చూసి, మర్యాదగా ఒక మెయిలు పెట్టి, ఇంకోచోటికి పంపుకోవచ్చు.

తొమ్మిదో ప్రతి ఒక పోటీకి పంపాను, బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకి కూడా తీసుకోలేదు. పోటీలు దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది, తెలుగులో రాసుకున్న కథ అంత దూరం వెళ్లింది. బహుమతి సంగతి అలా ఉంచండి, గడువు ఉంటే కథ పూర్తవుతుంది, మనలాంటివాళ్లకి అది పెద్ద సాయం. పదో ప్రతి ఇంకో పత్రికకి పంపాను. అయిదు నెలలు జవాబు లేదు. మెయిలు పెడితే దానికీ లేదు. ఈసారి కాగితాలు చీరల కిందకి వెళ్లలేదు, అదొక్కటే మార్పు. ఒక వారం బాధపడి, మళ్లీ తీసి చదివాను. తిరిగొచ్చిన కథని వెంటనే మార్చకండి, వెంటనే ఇంకోచోటికి పంపనూ వద్దు. వారం ఆగి చదివితే, అది బాగాలేక తిరిగొచ్చిందో, వాళ్లకి పడక తిరిగొచ్చిందో చాలావరకు మనకే తెలుస్తుంది.

పదకొండో ప్రతి తీసుకున్నారు. ఒక మధ్యాహ్నం కౌంటర్లో ఉండగా ఫోనొచ్చింది, ఆదివారం అనుబంధం చూసే సబ్ ఎడిటర్ గారు. కథ బాగుందండీ, ఆఖరి రెండు వాక్యాలు తీసేస్తే మీకేమైనా అభ్యంతరమా అన్నారు.

ముగింపు ఎలా ఉందంటే, మర్నాడు అయిదింటికి సత్తెమ్మ కూత లేకుండా తనంతట తానే లేస్తుంది. ఎసరు పెడుతుంది. బియ్యం కడగడానికి గిన్నెలో పోసుకుని కాసేపు చూసి, అందులోంచి ఒక గుప్పెడు తీసి మళ్లీ డబ్బాలో వేస్తుంది. ఆ తర్వాత నేను రెండు వాక్యాలు రాశాను: “ఇకనుంచి ఆ ఇంట్లో ఆకలి కూడా పొదుపుగానే ఉండాలి. కూత ఆగినంత మాత్రాన కడుపు ఆగదు కదా.” ఈ రెండు వాక్యాల కోసం నేను మూడు రోజులు పొద్దున్నే కూర్చున్నాను. సాయంత్రం చెప్తానండీ అన్నాను.

ఇంటికెళ్లి ఆ రెండూ లేకుండా పైకి చదివాను. గుప్పెడు బియ్యం డబ్బాలో పడ్డాయి, కథ అయిపోయింది. నా చెయ్యి గాలిలో అలా ఉండిపోయినట్టు అనిపించింది. మళ్లీ ఆ రెండు వాక్యాలతో చదివాను. ఎవరో వచ్చి నా భుజం తట్టి, అర్థమైందా, బియ్యం ఎందుకు తీసిందో అర్థమైందా అని అడిగినట్టుంది. ఫోన్ చేసి తీసెయ్యండి అన్నాను. అందరు సంపాదకులూ చెప్పేవన్నీ ఒప్పుకోమని నేను అనను. కానీ ఎవరైనా మీ కథలో ఒక వాక్యం మీద వేలు పెడితే కోపం తెచ్చుకునే ముందు అది లేకుండా ఒకసారి పైకి చదివి చూడండి.

కథ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం పేపరు పట్టుకుని ఊరెళ్లాను. నాన్న అరుగు మీద కూర్చుని తనే చదువుకున్నాడు, ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. అమ్మకి చిన్న అక్షరాలు ఆనవు, నేనే చదివి వినిపించాను. వంటింటి గుమ్మానికి ఆనుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ఒక్కచోట కూడా నన్ను ఆపకుండా విన్నది. గుప్పెడు బియ్యం దగ్గర చదవడం అయిపోయాక కాసేపు ఊరుకుని, “కారేజీ రాయలేదేటే?” అంది.

“ఏ కారేజీ అమ్మా?”

“ఆ రోజు మీ నానకి కట్టినాను గదా. ఆలీసమైపోనాదని పరుగు మీద అట్టుకెళ్లినాడు. రాత్రికొచ్చినాడు. మూత తీస్తే అన్నం అలాగే ఉంది. గేటుకాడ అందరికాడా కారేజీలున్నాయట, ఎవులూ ఇప్పనేదట.”

ఈ సంగతి నాకు తెలీదు. రెండేళ్లు, 11 ప్రతులు, ఆమెని ఒక్కసారి కూడా అడగలేదు. బ్యాగులోంచి నోటుబుక్కు తీసి అక్కడే గుమ్మంలో కూర్చుని ఆమె అన్నది అన్నట్టే రాసుకున్నాను. ఆ అన్నం ఏం చేశావమ్మా అని అడిగితే, నీళ్లు పోసి ఉంచీసి మర్నాడు మాకే పెట్టానంది, చద్దన్నం.

ఆ కారేజీ మీద ఇంకో కథ మొదలుపెట్టాను, ఇప్పుడు మూడో ప్రతిలో ఉంది. గేటు దగ్గర కారేజీ పక్కన పెట్టుకుని ఆ రోజు కూర్చున్నవాళ్లలో ముగ్గురు మా ఊళ్లోనే ఉన్నారు, వచ్చే ఆదివారం వాళ్ల దగ్గరకి వెళ్తున్నాను.